కంటికి తెలుగే, కంప్యూటరుకు కాదు: డీటీపీ ఫైళ్ల నుంచి యూనికోడ్ దాకా

వరంగల్, హనుమకొండ ప్రెస్సుల్లో ఇరవై ముప్పై ఏండ్ల కింద అచ్చయిన కవితా సంపుటాలను, గ్రామ చరిత్రలను, స్మారక సంచికలను మళ్లీ అచ్చు వేయాలనుకున్న వాళ్లకు దాదాపు ఒకే అనుభవం ఎదురవుతున్నది. పాత సీడీ దొరుకుతుంది, అందులో ఫైలూ ఉంటుంది, కానీ ఇవాళ్టి కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు రోమన్ అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, ఫ్రెంచి రాతలో ఉండే గుర్తుల అక్షరాలు ఒకదాని వెంట ఒకటి కనబడుతాయి. ఫైలు కరాబైందని కొందరు, వైరసు పట్టిందని కొందరు అనుకుంటారు. నిజానికి ఆ ఫైలుకు ఏమీ కాలేదు. టైపు చేసిన రోజున అందులో ఏమున్నదో ఇవాళా అదే ఉన్నది. ఆ రోజున కూడా అందులో తెలుగు లేదు. తెలుగులా కనబడే ఏర్పాటు ఒక్కటే ఉన్నది.

సాఫ్ట్‌వేరు మీద ఆసక్తితో ఇటువంటి ఫైళ్లను తిరగేసే వాళ్లందరికీ తెలిసిన ఈ సంగతి, పుస్తకం రాసేవాళ్లకు, సంఘాలు నడిపేవాళ్లకు, పరిశోధన చేసేవాళ్లకు ఇంకా సరిగా చేరలేదు. తెర మీద అక్షరం కనబడటం వేరు, కంప్యూటరుకు అది అక్షరమని తెలియటం వేరు. వెతకటం, చదివి వినిపించటం, అనువదించటం, అకారాది క్రమంలో పెట్టటం వంటి పనులన్నీ రెండోదాని మీదనే ఆధారపడి ఉన్నాయి. మన ప్రాంతంలో ఒక తరం రాసినదంతా మొదటి దశలోనే ఆగిపోయిందని నేను నమ్ముతున్నాను. అది ఎట్లా జరిగింది, ఇప్పుడు ఏం చేయవచ్చు అన్నది వివరంగా చూడదగిన విషయం.

కంప్యూటరు అక్షరాలను బొమ్మలుగా దాచుకోదు, అంకెలుగా దాచుకుంటుంది. ఏ అంకె ఏ అక్షరానికి గుర్తో ముందుగా ఒక ఒప్పందం కుదరాలి. ఇంగ్లీషుకు 1960ల్లోనే ఆస్కీ అనే ఒప్పందం ఏర్పడింది. అందులో 128 స్థానాలు ఉంటాయి. ఇంగ్లీషు వర్ణమాలలోని మొదటి పెద్ద అక్షరానిది 65వ స్థానం, దాని చిన్న అక్షరానిది 97వ స్థానం. ఒక బైటులో 256 స్థానాలు పడుతాయి కాబట్టి, మిగిలిన సగాన్ని ఐరోపా భాషల గుర్తులకు వాడుకున్నారు. తెలుగుకు అందులో చోటు లేదు. కంప్యూటరు మీద పుస్తకం పేజీలు పేర్చే డీటీపీ పద్ధతి మన ఊళ్లకు వచ్చేనాటికి పేజ్‌మేకర్ వంటి సాఫ్ట్‌వేర్లకు తెలిసిన లోకం ఈ 256 స్థానాలే. అప్పుడు తెలుగు ఫాంట్లు తయారు చేసినవాళ్లు అంకెలను అట్లాగే ఉంచి, వాటి ఎదురుగా ఉండే బొమ్మలను మార్చారు. 65 దగ్గర ఇంగ్లీషు అక్షరం తీసి ఒక తెలుగు ముక్కను పెట్టారు. సాఫ్ట్‌వేరు మాత్రం తాను ఇంగ్లీషునే పేరుస్తున్నాననుకుంటుంది. చూసేవాళ్లకు తెలుగు కనబడుతుంది.

అక్షరం అనకుండా తెలుగు ముక్క అని ఎందుకన్నానంటే, తెలుగు అక్షరాలన్నీ 256 స్థానాల్లో పట్టవు. హల్లులు ముప్పై అయిదు అనుకున్నా, ఒక్కొక్క హల్లు కింద ఒక్కొక్క ఒత్తు చేర్చితేనే లెక్క ప్రకారం 1225 జతలవుతాయి. వాటి మీద గుణింతాలు చేరితే ఆ సంఖ్య వేలకు పోతుంది. అందువల్ల ఫాంటు రూపకర్తలు అక్షరాలను విడగొట్టారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తులు మరొకచోట పెట్టి, ఒకే ముక్కను రెండు మూడు అక్షరాలకు వాడుకున్నారు. కొన్ని ఫాంట్లలో ‘మ’ అనేది ఒకే అక్షరంగా ఉండదు, ‘వ’ రూపానికి పక్కన మరొక ముక్క చేర్చితే వస్తుంది. ‘ప్రజ’ అనే మాటలో క్రావడి ఎడమ వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి, ఆ ముక్క కొన్నింటిలో ‘ప’ కంటే ముందే నిలుస్తుంది. తెలుగు లిపి స్వభావాన్ని లోతుగా అర్థం చేసుకున్నవాళ్లే ఇటువంటి పని చేయగలరు. ఉన్న పరిమితిలో అద్భుతమైన పరిష్కారం కనిపెట్టిన ఆ రూపకర్తలకు తెలుగు ముద్రణ రుణపడి ఉన్నది.

చిక్కంతా ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విధంగా ముక్కలు చేయటంలో వచ్చింది. ఒకరి ఫాంటులో 65వ స్థానంలో ఉన్న ముక్క, మరొకరి ఫాంటులో ఎక్కడో ఉంటుంది. కాబట్టి కంప్యూటరులో తెలుగు ఫాంటు ఉన్నా, అది ఆ ఫైలు రాసిన ఫాంటే కాకపోతే ఫలితం మళ్లీ గందరగోళమే. ఫాంటు ఒక అలంకారంగా ఉండవలసింది పోయి, ఫైలుకు తాళంచెవిగా మారింది. ఆ కంపెనీ మూతపడినా, ఆ ఫాంటు కొత్త విండోస్‌లో పనిచేయకపోయినా, రచయిత రాసుకున్నది రచయితకే అందదు.

ఇదే కాలంలో ప్రభుత్వ ప్రమాణమొకటి లేకపోలేదు. భారతీయ భాషలన్నింటికీ కలిపి ఇస్కీ అనే సంకేత పద్ధతి 1988లో ఒక రూపానికి వచ్చింది, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దానిని ఐఎస్ 13194గా ప్రకటించింది. మన లిపులు చాలావరకు బ్రాహ్మి నుంచి వచ్చినవే కాబట్టి, వర్ణమాల వరుస అన్నింటిలో దాదాపు ఒకటే. ఆ వరుసనే ఆధారం చేసుకొని, హిందీ ‘క’కు, తెలుగు ‘క’కు, తమిళ ‘క’కు ఒకే స్థానం ఇచ్చారు. ప్రపంచ లిపులన్నింటికీ ఒకే అంకెల పట్టిక ఉండాలని రూపొందించిన యూనికోడ్ మొదటి వెర్షన్ 1991 అక్టోబరులో వెలువడింది. అది ఈ అమరికనే తీసుకొని, ఒక్కొక్క లిపికి వేరు వేరు గది కేటాయించింది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు దక్కాయి. దేవనాగరి ‘క’ స్థానం 2325, తెలుగు ‘క’ స్థానం 3093; తేడా 768. ‘ఖ’, ‘గ’, ‘ఘ’ ఏది తీసుకున్నా అదే తేడా ఉంటుంది. అంటే 1988 నాటి ఆ భారతీయ ఆలోచన ఇవాళ మన చేతిలోని ప్రతి ఫోనులోనూ పనిచేస్తున్నది.

128 స్థానాల్లో తెలుగంతా ఎట్లా పట్టిందన్న సందేహం రావటం సహజం. యూనికోడ్ ఆకారాలను దాచదు, వర్ణాల వరుసను దాస్తుంది. ‘వరంగల్’ అన్న మాట యూనికోడ్‌లో ఆరు అంకెలు: 3125, 3120, 3074, 3095, 3122, 3149. వరుసగా అవి వ, ర, సున్న, గ, ల, పొల్లు. ‘క్ష’ అన్న అక్షరం క, పొల్లు, ష అనే మూడు అంకెలు. వాటిని ఎట్లా కలిపి గీయాలన్నది సంకేతం పని కాదు. ఆ పని చేయటానికి వేరే పొర ఒకటి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ యూనిస్క్రైబ్, ఆండ్రాయిడ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఉండే హార్ఫ్‌బజ్ అటువంటివే. అవి ఫాంటులోని నియమాలను చదివి, ఏ హల్లు కింద ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయిస్తాయి.

నాలుగు సంగతులు జనం మాటల్లో తరచుగా కలిసిపోతుంటాయి, వాటిని విడిగా చూస్తే సగం అయోమయం తొలగుతుంది. కీబోర్డు అనేది వేళ్లు ఎక్కడ నొక్కాలో చెప్పే అమరిక. సంకేతం అనేది ఫైలులో నిలిచే అంకె. ఫాంటు అనేది బొమ్మల పెట్టె. ఆ బొమ్మలను కూర్చి గీసేది నాలుగో పొర. ‘యూనికోడ్ ఫాంటులో టైపు చేయండి’ అని అడగటం వాడుకలో ఉన్నది కానీ, యూనికోడ్ ఒక ఫాంటు కాదు. యూనికోడ్‌లో రాసిన పాఠానికి ఫాంటు మార్చితే అందం మారుతుంది, మాట మారదు. పాత పద్ధతిలో రాసిన పాఠానికి ఫాంటు మార్చితే మాటే పోతుంది. ఒక ఫైలు ఏ రకానిదో తేల్చుకోవటానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు: అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగుగా వస్తే అది యూనికోడ్, రాకపోతే కాదు.

ఈ గీసే పొర తెలుగుకు ఆలస్యంగా అందింది. విండోస్‌లో తెలుగుకు నేరుగా చోటు దొరికింది 2001లో వచ్చిన ఎక్స్‌పీతోనే, దానితో గౌతమి అనే ఫాంటు కూడా వచ్చింది. ఆ తొలినాళ్లలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఎంతోమందికి ఆధారమయ్యాయి. పోతన ఊరిగా మనం చెప్పుకునే బమ్మెర ఇక్కడే, జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉన్నది కాబట్టి ఆ పేరు చూస్తే మనసుకు ఒక దగ్గరితనం తోస్తుంది. తెలుగు లిపి ఎంత సంక్లిష్టమో లోకానికంతటికీ ఒకసారి తెలిసి వచ్చింది కూడా. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’తో మొదలయ్యే ఒక అసాధారణ వర్ణ క్రమం సందేశంగా వస్తే ఐఫోన్లలో సందేశాల యాప్ కుప్పకూలేది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ఒక సంకేతం, ఆ పిమ్మట దీర్ఘం. ఈ వరుసను గీయటంలో ఐఫోను గీసే పొర తడబడింది. యాపిల్ అదే నెల 19న 11.2.6 వెర్షన్ విడుదల చేసి దానిని సరిదిద్దింది. అప్పుడు చాలామంది తెలుగు అక్షరంలో ఏదో దోషమున్నదన్నట్టు మాట్లాడారు. దోషం అక్షరానిది కాదు. గీసే సాఫ్ట్‌వేరును ఆ లిపితో తగినంతగా పరీక్షించకపోవటానిది.

సాధనాలు లేని కాలం దాటిపోయింది. మండలి, రామభద్ర, సురవరం, పెద్దన, ధూర్జటి, గిడుగు వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో గూగుల్ ఫాంట్లలో దొరుకుతున్నాయి. పేజీలు పేర్చటానికి ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6 నుంచి తెలుగును యూనికోడ్‌లో తీసుకుంటున్నది. పైసా ఖర్చు లేని లిబ్రాఫీస్ ఉన్నది. అయినా మన డీటీపీ కేంద్రాల్లో చాలావరకు 2001 నాటి పేజ్‌మేకర్ 7తోనే పని నడుస్తున్నది. ఎందుకని?

ఆపరేటర్ల అలసత్వమని తేల్చేయటం అన్యాయం. నయీంనగర్‌లోనో, వరంగల్ చౌరస్తా దగ్గరో ఒక చిన్న గదిలో రోజంతా కూర్చుండి టైపు చేసే మనిషి సంపాదన పేజీల లెక్కన ఉంటుంది. ఏండ్ల తరబడి ఒకే అమరిక మీద అలవాటైన వేళ్లు చూడకుండానే కదులుతాయి; అమరిక మారితే కొన్ని నెలల పాటు ఆదాయం సగానికి పడిపోతుంది. పెండ్లి పత్రికకు, ఫ్లెక్సీకి కావలసిన వంకీల ఫాంట్లు, లావు ఫాంట్లు పాత పద్ధతిలో పదుల సంఖ్యలో ఉన్నాయి, యూనికోడ్‌లో అంత వైవిధ్యం ఇంకా రాలేదు. అన్నింటికన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది: వినియోగదారుడు అడగటం లేదు. కాగితం మీద బాగా పడితే చాలనుకునే వాళ్లకు, ఫైలు లోపల ఏమున్నదో పట్టించుకోవలసిన అవసరం కనబడదు. ఎవరూ అడగనిదానికి ఎవరు మాత్రం కష్టపడతారు?

అందుకే అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం. పెండ్లి పత్రిక ఏ ఫాంటులో ఉన్నా నష్టం లేదు. దాని ఆయుష్షు లగ్గం రోజు వరకే. దానిని వెతకవలసిన పని ఎవరికీ పడదు. ఫ్లెక్సీకి కూడా అంతే. కానీ పుస్తకం, సిద్ధాంత గ్రంథం, సంఘం తీర్మానాల పుస్తకం, గ్రామ చరిత్ర, సభ్యుల జాబితా అటువంటివి కావు. వాటిని ఎవరో ఒకరు రేపు వెతుకుతారు, ఉదహరిస్తారు, మళ్లీ అచ్చు వేస్తారు. డీటీపీ కేంద్రాన్ని పూర్తిగా మారమని అడగటం కన్నా, ఈ రెండో రకం పనులకు మాత్రం యూనికోడ్ కావాలని అడగటం సాధ్యమైన దారి. పాత అమరికతోనే టైపు చేస్తూ ఫైలులోకి యూనికోడ్ సంకేతాలను పంపే కీబోర్డు ప్యాకేజీలు కూడా ఉన్నాయి కాబట్టి, ఆపరేటరు వేళ్ల అలవాటును పూర్తిగా వదులుకోనక్కరలేదు.

నష్టం ఎవరికి ఎక్కువన్నది కూడా చెప్పాలి. చూపు ఉన్నవాళ్లకు పాత ఫాంటులోని పీడీఎఫ్ చక్కగానే కనబడుతుంది. చూపు లేని పాఠకుడు ఎన్‌వీడీఏ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో దానిని వినబోతే, రోమన్ అక్షరాలు, గుర్తుల పేర్లు ఒక్కొక్కటిగా వినబడుతాయి. అదే పుస్తకం యూనికోడ్‌లో ఉంటే తెలుగు వినబడుతుంది. ఆ పాఠకుడికి ఈ రెండింటి మధ్య తేడా పుస్తకం ఉండటానికీ లేకపోవటానికీ మధ్య ఉన్న తేడా. ఇవాళ కృత్రిమ మేధ గురించి ఇంత చర్చ జరుగుతున్నది. ఆ నమూనాలు నేర్చుకునేది చదవగలిగిన పాఠం నుంచే. ఉత్తర తెలంగాణ మాట, ఇక్కడి కథలు, ఇక్కడి రైతుల పదాలు ఎక్కువగా అచ్చయింది ఇటువంటి చిన్న ప్రెస్సుల్లోనే. ఆ పాఠం అంకెల రూపంలో తెలుగుగా లేకపోతే, యంత్రాలు నేర్చుకునే తెలుగులో మన మాటకు చోటు ఉండదు. తెలుగు పాఠం తక్కువగా ఉండటం ఒక ముఖ్య కారణంగా, ఈ నమూనాలు తెలుగు మాటను చిన్న చిన్న తునకలుగా విడగొట్టుకొని చదువుతాయి. అదే భావం ఇంగ్లీషులో చెప్పటం కన్నా తెలుగులో చెప్పటానికి వాటికి ఎక్కువ పని, ఎక్కువ ఖర్చు పడుతుంది.

ఇప్పటికే ఉన్న పాత ఫైళ్లను ఏం చేయాలి? దారులు రెండు ఉన్నాయి. ఒకటి మార్పిడి. పాత ఫాంటు స్థానాలను యూనికోడ్ వరుసలోకి మార్చే సాధనాలు చాలా కాలంగా ఉన్నాయి. వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడిన రోజుల్లో ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే పొడిగింపు ఇదే పని చేసేది. ముక్కలను గుర్తుపట్టటం సులువే, వరుసను సరిచేయటంలోనే కష్టమంతా ఉన్నది. ముందు నిలిచిన క్రావడిని హల్లు తర్వాతకు జరపాలి, ‘వ’ రూపం పక్కన ముక్క ఉంటే ‘మ’ అని గ్రహించాలి. అన్నింటికన్నా ఇబ్బంది పెట్టేది మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు, తేదీలు. మామూలు పాఠంగా కాపీ చేస్తే ఏ ముక్క ఏ ఫాంటులో ఉన్నదో తెలియకుండా పోతుంది, అప్పుడు మార్పిడి సాధనం ఇంగ్లీషు మాటలను కూడా తెలుగు ముక్కలుగా భావించి చెడగొడుతుంది. అందువల్ల పేజ్‌మేకర్ నుంచి నేరుగా కాపీ చేయకుండా, ఫాంటు వివరాలు నిలిచే ఆర్‌టీఎఫ్ రూపంలో బయటికి తీసుకోవటం మేలు.

రెండో దారి అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి ఓసీఆర్‌తో అక్షరాలను గుర్తింపజేయటం. ఫైలే లేని పుస్తకాలకు ఇదొక్కటే దిక్కు. హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాల్లోని పాత పుస్తకాల విషయంలో మరో మార్గం లేదు. టెసరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు తెలుగును గుర్తిస్తుంది, గూగుల్ సేవలూ గుర్తిస్తాయి. అయితే ‘ప’, ‘వ’, ‘ష’ ఒకదానికొకటి దగ్గరగా ఉండే అక్షరాలు, ‘ద’, ‘ధ’, ‘థ’ల మధ్య తేడా ఒక చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది, పాత కాగితం మీద మసకబారిన ఒత్తులు పూర్తిగా జారిపోతాయి. మార్పిడిలో వచ్చే తప్పు ప్రతిచోటా ఒకే విధంగా ఉంటుంది కాబట్టి, ఒకసారి కనిపెడితే పుస్తకమంతటా ఒకేసారి దిద్దవచ్చు. ఓసీఆర్ తప్పు ఎక్కడ ఏ రూపంలో వస్తుందో చెప్పలేము కనుక, వాక్యం వాక్యం చదవవలసిందే. పాత సీడీ ఇంట్లో ఉంటే దానిని పారేసి పుస్తకాన్ని స్కాన్ చేయించటం సరికాదని అనటానికి కారణం ఇదే. అట్టపెట్టెలో పడి ఉన్న ఆ సీడీలు ఏటేటా పాడవుతున్నాయి కాబట్టి, మార్పిడి తర్వాత చేసుకున్నా సరే, అందులోని ఫైళ్లను, వాటితో పాటు ఆనాటి ఫాంట్లను ముందు వేరే చోట దాచుకోవాలి.

యూనికోడ్‌లోకి వచ్చినంత మాత్రాన అంతా సరిపోదు. కంటికి ఒకటిగా కనబడి, యంత్రానికి వేరుగా ఉండే జబ్బు అక్కడా ఉన్నది. తెలుగు సున్న స్థానం 3074. తెలుగు అంకె సున్నా స్థానం 3174. తెర మీద రెండింటికీ దాదాపు పోలిక ఒకటే. ‘గంగారం’ అన్న పేరులో ఒకచోట సున్న, మరొకచోట అంకె పడితే, చూసేవాళ్లు తేడా పట్టలేరు, కంప్యూటరు ఆ రెండింటినీ ఇద్దరు మనుషులుగా లెక్కిస్తుంది. విసర్గకు బదులు ఇంగ్లీషు కోలన్ పెట్టటం, ‘ఋ’కు బదులు ‘బు’కు మరో కొమ్ము తగిలించటం ఇటువంటివే. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. యూనికోడ్ ఈ రెండూ సమానమని చెప్పింది, కానీ అన్ని సాఫ్ట్‌వేర్లూ ఆ నియమాన్ని పాటించవు.

వరంగల్ వాళ్లకు ప్రతిరోజూ ఎదురయ్యే ఉదాహరణ ఊరి పేరులోనే ఉన్నది. ‘వరంగల్’కు ‘లో’ చేర్చితే యూనికోడ్ నియమం ప్రకారం లకారం కింద లకార ఒత్తు పడి ‘వరంగల్లో’ అవుతుంది. పొల్లును విడిగా చూపాలంటే మధ్యలో కంటికి కనబడని 8204వ సంకేతాన్ని పెట్టాలి, అప్పుడు ‘వరంగల్‌లో’ వస్తుంది. కొందరు పెడతారు, కొందరు పెట్టరు, కొందరు ఖాళీ వదిలి ‘వరంగల్ లో’ అని రాస్తారు. ఒకే మాట మూడు విధాలుగా ఫైళ్లలోకి చేరుతుంది, వెతికేటప్పుడు ఒకటి దొరికితే రెండు దొరకవు. జాబితాలు, సూచికలు తయారు చేసేవాళ్లు ముందుగానే ఏదో ఒక పద్ధతి ఎంచుకొని చివరిదాకా దానికే కట్టుబడి ఉండటం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఇక ఫోన్ల సంగతి. మన పిల్లలు తెలుగును రోమన్ లిపిలో రాస్తున్నారని పెద్దలు బాధపడుతుంటారు. ఆ అలవాటు వెనుక భాష మీద నిర్లక్ష్యం కన్నా లెక్కలే ఎక్కువగా ఉన్నాయి. ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషులో అది 160 అక్షరాలవుతుంది, తెలుగులో 70 సంకేతాలు మాత్రమే. ఆ డెబ్భైలో గుణింతం గుర్తులను, పొల్లులను కూడా లెక్కించాలి. ఒక్క ‘క్ష’కే మూడు పోతాయి. సందేశానికి ఇంతని డబ్బు కట్టిన రోజుల్లో తెలుగులో రాయటమంటే రెండింతలు, మూడింతలు చెల్లించటమే. పైగా అవతలి ఫోనులో తెలుగు కనబడుతుందో, ఖాళీ డబ్బాలు కనబడుతాయో తెలియదు. ఆ కాలంలో కుదిరిన వేళ్లే ఇప్పటికీ అట్లా కదులుతున్నాయి. 2016లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 16333 ప్రమాణంలో, దేశంలో అమ్మే ఫోన్లన్నింటిలోనూ రాజ్యాంగంలోని 22 భాషలు చదవగలిగేటట్టు ఉండాలని, హిందీ, ఇంగ్లీషుతో పాటు మరొక భారతీయ భాషలో రాయగలిగేటట్టు ఉండాలని నిర్దేశించింది. కాబట్టి సాంకేతికంగా ఇప్పుడు అడ్డు లేదు. ఇంట్లో పిల్లల చేతికి ఫోను ఇచ్చేటప్పుడు తెలుగు కీబోర్డును సెట్టింగుల్లోంచి బయటికి తీసి చూపించటం ఒక్కటి పెద్దలు చేయగలిగిన పని.

తెలుగు ఎక్కువ స్థలం తింటుందన్న మాటకు కూడా ఇప్పుడు విలువ లేదు. ఇంటర్నెట్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయన్నది నిజమే. ‘వరంగల్’కు 18 బైట్లు, అదే పేరు ఇంగ్లీషులో రాస్తే 8. కానీ పేజీకి 1500 సంకేతాల చొప్పున రెండు వందల పేజీల పుస్తకాన్ని లెక్కవేసినా అది తొమ్మిది లక్షల బైట్లకు మించదు. ఫోనులో తీసిన మామూలు ఫొటో ఒక్కటి సాధారణంగా అంతకన్నా పెద్దదే.

పుస్తకం అచ్చుకు ఇచ్చేవాళ్లు ప్రెస్సు నుంచి పీడీఎఫ్ ఒక్కటే తీసుకొని సంతృప్తి పడకూడదు. పీడీఎఫ్ అచ్చు కోసం తయారైన రూపం. యూనికోడ్‌లో టైపు చేసిన పుస్తకానికి కూడా అందులో బొమ్మల వరుసే ప్రధానంగా ఉంటుంది, కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురు కావచ్చు. అందువల్ల చివరి దిద్దుబాటు తర్వాతి పాఠాన్ని యూనికోడ్ టెక్స్ట్ ఫైలుగా విడిగా ఇవ్వాలని ధర మాట్లాడేటప్పుడే చెప్పాలి. దానికి ఆపరేటరు అదనంగా కొంత అడిగితే ఇవ్వటం న్యాయం, ఎందుకంటే అది అదనపు పనే.

విశ్వవిద్యాలయాల బాధ్యత ఇంతకంటే పెద్దది. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి సమర్పించాలని యూజీసీ 2009 నిబంధనల్లోనే చెప్పింది, అవి వాటి జాతీయ ఆన్‌లైన్ భండారమైన శోధ్‌గంగలో చేరుతున్నాయి. తెలుగులో రాసిన గ్రంథం పాత ఫాంటుతో పీడీఎఫ్‌గా అక్కడికి చేరితే, తెరిచి చదవవచ్చు, కానీ లోపలి మాటలతో వెతికితే ఏదీ దొరకదు. సమ్మక్క సారలమ్మ జాతర మీదనో, ఒగ్గు కథ మీదనో మూడు నాలుగేండ్లు ఊరూరా తిరిగి చేసిన పరిశోధన, అదే విషయం మీద తర్వాత పనిచేసే విద్యార్థికి కనబడకుండా పోతుంది. సమర్పణ నిబంధనల్లో పాఠం యూనికోడ్‌లో ఉండాలన్న ఒక్క వాక్యం చేర్చితే, హనుమకొండలో సిద్ధాంత గ్రంథాలు టైపు చేసే కేంద్రాలన్నీ ఆ విద్యా సంవత్సరంలోనే మారవలసి వస్తుంది. వినియోగదారుడు అడగటం లేదన్న కారణం అక్కడితో తొలగిపోతుంది.